కొలిమికి శిష్యురాలు

మ్యూనిక్‌లో శిల్పం చదివొచ్చి, బస్తర్ ఘడవాల దగ్గర మళ్లీ ఓనమాలు దిద్దిన మీరా ముఖర్జీ కథ

మీరా ముఖర్జీ చేసిన కంచు బొమ్మను నాలుగడుగుల దూరం నుంచి చూస్తే మనిషి కనిపిస్తాడు. ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్తే పోగులు కనిపిస్తాయి. సేమ్యాలా సన్నగా, ఒకదాన్ని ఆనుకుని ఇంకొకటి చుట్టినట్టు ఒళ్లంతా గీతలే. చూడగానే ఉలితో గీసినట్టు అనిపిస్తుంది కానీ అక్కడ ఉలి పని చాలా తక్కువ. ఆ పోగులన్నీ ఒకప్పుడు మైనం. మైనం మంటల్లో కరిగిపోయింది, అది ఖాళీ చేసిన చోట్లోకి కంచు వచ్చి కూర్చుంది. పోగు వంపు, వేలు నొక్కిన గుంట, తొందరలో చేయి జారిన చోటు, ఏదీ పోలేదు.

ఇలా పోగు చుట్టి బొమ్మ చేసే విద్యను మీరా కనిపెట్టలేదు. అది బస్తర్ ప్రాంతంలో లోహం పోతపోసే ఘడవా కుటుంబాలది. వాళ్ల దగ్గరికి వెళ్లేసరికి ఆమె కలకత్తాలో, ఢిల్లీలో, జర్మనీలో చదువుకున్న మనిషి. వయసు నలభైకి దగ్గర పడుతోంది. ఆ వయసులో మళ్లీ పలకా బలపం పట్టినట్టు కొలుముల పక్కన కూర్చుని, మైనం పిసకడం దగ్గర్నుంచి మొదలుపెట్టారు. 1968లో ఆమెకు రాష్ట్రపతి పురస్కారం వచ్చింది. దాని పేరు ‘మాస్టర్ క్రాఫ్ట్స్‌మన్’. అంటే చేతిపనివాళ్లకు ఇచ్చేది. ఆర్ట్ కాలేజీ పట్టా ఉన్నవాళ్లు ‘నన్ను పనివాడంటావా’ అని నొచ్చుకునే రోజులవి. ఇప్పుడు నొచ్చుకోరని కాదు. మీరా జీవితం మొత్తం చూశాక, ఆమెకు వచ్చిన బిరుదులన్నిటిలో సరిగ్గా అతికినది అదేననిపిస్తుంది.

మీరా 1923లో కలకత్తాలో పుట్టారు. పద్నాలుగేళ్ల వయసులో అవనీంద్రనాథ్ ఠాగూర్ నడిపిన ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్‌లో చేరి బొమ్మలు గీయడం నేర్చుకున్నారు. 1941లో పెళ్లయింది. ఎక్కువకాలం నిలవలేదు. ఆ రోజుల్లో పెళ్లి తెగిపోయిన ఆడపిల్లకు పుట్టింట్లో ఒక మూల గది, నలుగురి జాలి, ఇంకేం మిగిలేవో చెప్పనక్కర్లేదు. మీరా తిరిగి చదువులో పడ్డారు. ఢిల్లీ పాలిటెక్నిక్‌లో చిత్రకళ, గ్రాఫిక్స్, శిల్పం చదివి డిప్లొమా తీసుకున్నారు. 1953లో ఫెలోషిప్ మీద మ్యూనిక్ కళా అకాడమీకి వెళ్లారు. అక్కడ టోనీ స్టాడ్లర్, హైన్రిచ్ కిర్ష్‌నర్ ఆమె గురువులు. చిత్రకారిణిగా వెళ్లిన మనిషి శిల్పం వైపు పూర్తిగా మళ్లింది అక్కడే. నీ దేశంలో ఏముందో ముందు అది చూసుకో అని స్టాడ్లర్ ఆమెకు నూరిపోశారంటారు. విదేశంలో చదువుకున్నందుకు ఇంటి దారి కనిపించడం, అదో చిత్రమైన లాభం.

జర్మనీ నుంచి తిరిగొచ్చాక కర్సియాంగ్‌లోని డౌహిల్ స్కూల్లో, తర్వాత కలకత్తాలో ఇంకో బళ్లో డ్రాయింగ్ టీచరుగా పనిచేశారు. కొన్నేళ్లు అలా గడిచాయి. వాటి గురించి పెద్దగా చెప్పుకోవలసిందేమీ లేదు, జీతం వచ్చింది.

అసలు కథ 1960ల మొదట్లో మొదలైంది. ఆంత్రొపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దేశంలోని లోహపు పనివాళ్ల మీద అధ్యయనం చేసే పని ఆమెకు అప్పగించింది. మధ్య భారతం, బెంగాల్, ఒరిస్సా, దక్షిణాది, చివరికి నేపాల్ దాకా తిరిగారు. ఏ ఊళ్లో ఎవరు పోత పోస్తారు, మట్టిలో ఏం కలుపుతారు, ఏ దేవతకు మొక్కి కొలిమి వెలిగిస్తారు, ఇవన్నీ రాసుకున్నారు. ఆ తిరుగుళ్ల ఫలం ‘మెటల్ క్రాఫ్ట్స్‌మెన్ ఆఫ్ ఇండియా’ అనే పుస్తకంగా 1978లో వెలువడింది. చాలామంది పరిశోధకులు నోటు పుస్తకం మూసేసి ఇంటికొచ్చేస్తారు. ఈమె నోటు పుస్తకం పక్కన పెట్టి మట్టిలో చేతులు పెట్టారు.

జంతికల గొట్టం, చిక్కుడాకు

ఘడవాల పోత ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. ఇది తెలియకపోతే మీరా బొమ్మ సగమే అర్థమవుతుంది.

ముందు మట్టిలో వరి ఊక కలిపి బొమ్మ లోపలి ముద్ద చేస్తారు. ఏనుగు కావాలంటే ఏనుగు ఆకారం, దేవత కావాలంటే దేవత. అది ఎండాక సన్నమట్టి పూసి, చిక్కుడాకుతో రుద్దుతారు. ఆకు పసరు తగిలితే పైభాగం నునుపుదేలుతుంది, మైనం గట్టిగా అతుకుతుంది. ఈ చిక్కుడాకు సంగతి ఏ శిల్పకళా గ్రంథంలో రాసి ఉంటుంది చెప్పండి? పెరటి పాదు నుంచి కొలిమి దగ్గరికి నడిచిన విద్య అది.

ఆ తర్వాత మైనం. తేనెమైనాన్ని వేడిచేసి, వడగట్టి, ఒక చెక్క గొట్టంలో పెట్టి ఒత్తుతారు. దాన్ని వాళ్లు ‘పిచ్కీ’ అంటారు. మనకు చెప్పాలంటే జంతికల గొట్టం లాంటిదే. కింద చిల్లులోంచి సన్నటి పోగు దిగుతుంది. ఆ పోగును మట్టి ముద్ద చుట్టూ, ఖాళీ లేకుండా, పక్కపక్కనే చుట్టుకుంటూ పోతారు. కళ్లు, నగలు, జడ, ఆయుధం అన్నీ మైనంతోనే అతికిస్తారు. అప్పుడు దాని మీద బొగ్గుపొడి కలిపిన మెత్తటి మట్టి పూత, ఆపైన పుట్టమన్నూ ఊకా కలిపిన మందపాటి పూత. మైనం బయటికి పోవడానికీ, లోహం లోపలికి రావడానికీ దారి వదులుతారు. కాల్చితే మైనం పోతుంది. రెండు మట్టి పొరల మధ్య పోగు మందాన ఖాళీ మిగులుతుంది. అందులోకి కరిగిన లోహం పోస్తారు.

లోహం ఎంత కావాలో ఎలా తెలుస్తుంది? మైనాన్ని తూచుకుంటారు. మైనం కంటే కంచు దాదాపు తొమ్మిది రెట్లు బరువు కాబట్టి ఆ లెక్కన సిద్ధం చేసుకుంటే సరి. ఈ తూకం సంగతి పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి ‘మానసోల్లాసం’లోనే ఉంది. సంస్కృతంలో ఈ పోతకు ‘మధూచ్ఛిష్ట విధానం’ అని పేరు. తేనె తీసేశాక మిగిలేది కనుక మైనం మధూచ్ఛిష్టం, తేనె ఎంగిలి. మొహెంజొదారోలో దొరికిన నాట్యకత్తె కంచు బొమ్మ కూడా ఈ మైనపు పోతలోంచే వచ్చింది. జానెడు కూడా ఉండదా బొమ్మ. నడుం మీద చేయి పెట్టి నిలబడిన ఆ పిల్లకు, బస్తర్ ఏనుగుకు, మీరా చేసిన జాలరి బొమ్మకు తల్లి కొలిమి ఒకటే.

ఒక తేడా చెప్పుకోవాలి. తమిళనాడులోని స్వామిమలై స్థపతులు చేసే దేవుడి విగ్రహాలు ఎక్కువగా ఘనపోత, లోపల గుల్ల ఉండదు. పోశాక ఉలితో, ఆకురాయితో నెలల తరబడి తీర్చిదిద్దుతారు. ఘడవాలది గుల్లపోత. మూస పగలగొట్టి మట్టి దులిపాక పెద్దగా చెక్కేది ఉండదు. మైనం దగ్గర చేసిందే చివరి మాట. ఇంకొకటి, పగలగొట్టిన మూస మళ్లీ పనికిరాదు. అలాంటి బొమ్మ ఇంకొకటి కావాలంటే మళ్లీ చిక్కుడాకు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఫ్రాన్సులో రోదే లాంటి మహాశిల్పి మట్టితో చేసి ఇస్తే, కంచు పోసే పని అలెక్సిస్ రుడియే పోతశాల లాంటివి చూసుకునేవి. ఒకే బొమ్మకు పన్నెండు ప్రతుల దాకా అసలువేనని అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. ఘడవా ఇంట్లో పన్నెండు అంటే పన్నెండు వేరు వేరు బొమ్మలు.

మీరా ఈ రెండు లోకాలూ చూసినవారు. తన బొమ్మకు మైనం తనే పెట్టారు, మట్టి తనే పూశారు, పోత దగ్గర సాయగాళ్లతో కలిసి తనే నిలబడ్డారు. కలకత్తాకు దక్షిణాన ఎలాచీ అనే ఊళ్లో ఆరుబయటే ఆమె పోతశాల. పేడ పిడకలు, కట్టెలు, ఇటుకలు, పొగ. రాగికి పదోవంతు తగరం కలిపిన కంచు కరగాలంటే వెయ్యి డిగ్రీల దరిదాపుల వేడి కావాలి. దాని ముందు చీర కొంగు నడుముకు దోపుకుని నిలబడే ఆడవాళ్లు ఆ రోజుల్లో ఎంతమంది ఉంటారు? కొలిమి దగ్గరికి ఆడవాళ్లను రానివ్వని ఆచారం చాలా పనివాడల్లో ఉండేది. మీరా దాని మీద ఉపన్యాసాలు ఇచ్చినట్టు కనపడదు. కొలిమి పెట్టుకున్నారు, అంతే.

ఎర్రగుడి మాట, కళింగ మౌనం

ఘడవాల బొమ్మలు చేతిలో పట్టేంత ఉంటాయి. మైనపు పోగుతో మనిషిని మించిన బొమ్మ చేయాలంటే లెక్కలన్నీ మారిపోతాయి. బరువు, వేడి, లోహం నడిచే దారి, చల్లారేటప్పుడు వచ్చే పగుళ్లు. మీరా ఈ చిక్కును ముక్కలుగా విడగొట్టి విప్పారు. బొమ్మను భాగాలుగా పోసి, తర్వాత అతికించారు. అలా 1972లో వచ్చింది ‘కళింగలో అశోకుడు’. పదకొండు అడుగులు దాటిన ఎత్తు, దాదాపు రెండు టన్నుల బరువు. ఢిల్లీలోని ఐటీసీ మౌర్య హోటల్లో ఉంది.

1972కి ముందు రెండు మూడేళ్లు కలకత్తా ఎలా ఉందో గుర్తుచేసుకోండి. వీధుల్లో నక్సలైట్ల పేరున, పోలీసుల పేరున కుర్రాళ్లు చనిపోతున్నారు. తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులు వరదలా వచ్చిపడుతున్నారు. ఆ ఊళ్లో కూర్చుని ఒక శిల్పి అశోకుణ్ణి ఎంచుకుంది, అదీ గెలిచిన రోజు అశోకుణ్ణి. స్తంభాల మీద సింహాల అశోకుణ్ణి చేయమని ఏ ప్రభుత్వమైనా అడుగుతుంది. యుద్ధభూమిలో నిలబడి ఏం చేశానో చూసుకుంటున్న వాణ్ణి చేయాలన్న ఆలోచన మాత్రం ఆమెదే.

ఇక్కడ మనకో చుట్టరికం ఉంది. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని అశోకుడు తనే చెప్పుకున్న పశ్చాత్తాపం పదమూడో శిలాశాసనంలో ఉంది. ఆ శాసనం కళింగలో, అంటే ధౌలిలో గానీ జౌగడలో గానీ, చెక్కించలేదు. దెబ్బతిన్నవాళ్ల ముఖం మీదే ఆ లెక్క చదివించడానికి రాజుకు ధైర్యం చాలలేదేమో. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద మాత్రం అది ఉంది. గుత్తికి దగ్గర్లో, పొలాల మధ్య, ఎండలో. ఢిల్లీ హోటల్లో ఆ కంచు మనిషి పక్కన ఫొటో దిగేవాళ్లలో ఒకరిద్దరైనా ఎర్రగుడి దాకా వస్తే బాగుండును.

అశోకుడు గొప్ప బొమ్మే. అయినా నా ఓటు ఆమె చిన్న బొమ్మలకే. పడవ నడిపేవాళ్లు, వల లాగే జాలర్లు, నేతగాళ్లు, ఏకతార పట్టుకుని ఊగిపోయే బావుల్ పాటగాళ్లు, కిక్కిరిసిన బస్సులో జనం. ఆమె బొమ్మల్లో పని చేయనివాడు అరుదు. పని చేసేవాడి ఒంట్లో ఒక లయ ఉంటుంది, వీపు వంగే తీరులో, చేతులు రెండూ ఒకేసారి లేచే తీరులో. మీరాకు హిందుస్తానీ గాత్రం వచ్చు. సంగీతం నేర్చిన చెవి ఈ కళ్లకు సాయపడిందని నా అనుమానం. పోగులు ఒకే దిక్కుకు సాగి, ఒక్కసారిగా మలుపు తిరిగే చోట బొమ్మ కదులుతున్నట్టు ఉంటుంది. వల లాగుతున్న మనిషి భుజం దగ్గర చూడండి, కండ ఎక్కడ ఆగిందో తాడు ఎక్కడ మొదలైందో పోల్చుకోలేరు. తాడూ కండా ఒకే మైనంలోంచి వచ్చాయి మరి.

మనింటి సంగతి

ఇదంతా ఎక్కడో బెంగాల్ వాళ్ల గొడవ అనుకోకండి. మన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ఏజెన్సీలో ఉషేగావ్, కేస్లాగూడ లాంటి ఊళ్లున్నాయి. అక్కడి వోజ్ కుటుంబాలు చేసేది అచ్చంగా ఈ పనే. గోండులకు దేవతామూర్తులు, జాతరకు గంటలు, కాళ్లకు గజ్జెలు, కడియాలు వాళ్ల చేతుల్లోంచి వచ్చాయి. ఈ పనికి 2018లో ‘ఆదిలాబాద్ డోక్రా’ పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. డోక్రా అంటే కంచు అనుకుంటాం గానీ అందులో ఎక్కువ ఇత్తడే, అదీ పాత సామాన్లు కరిగించింది. మీ తాతమ్మ కాలపు బిందె ఏ నెమలిగానో మారి ఏ షోకేసులోనో నిలబడి ఉన్నా ఆశ్చర్యపోవద్దు. మా ఇంట్లో అలా కరగకుండా మిగిలిన కంచు గిన్నె ఒకటుంది. వేలితో మీటితే చాలాసేపు మోగుతుంది. దాన్ని పోసింది ఎవరని అమ్మను అడిగితే, ‘కంచర్లు, ఇంకెవరు’ అంది. కులం పేరే ఊరూ పేరూ అయిపోయింది.

ఇదే మీరా కథలో నన్ను పట్టి ఆపిన చోటు. ట్యాంక్‌బండ్ మీద నడిచేవాళ్లకు మొల్ల ఎవరో, అన్నమయ్య ఎవరో తెలుసు. అక్కడి వాళ్ల కంచు విగ్రహాలు పోసిన చేతులెవరివో తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పట్టణంలో శిల్పి బొమ్మ కింద సంతకం ఉంటుంది, అడవిలో పనివాడి బొమ్మ కింద ‘గిరిజన కళ’ అని చీటీ ఉంటుంది. మీరా మీద కూడా ఒక ప్రశ్న వేయొచ్చు. ఘడవాల పోగు పట్టుకుని ఆమెకు పేరొచ్చింది, ఆమె బొమ్మలు వేలంపాటల్లో పెద్ద ధర పలుకుతున్నాయి, ఘడవాల బొమ్మ ఇప్పటికీ మేళాలో బేరమాడి కొంటున్నాం, ఇది న్యాయమా అని. న్యాయం కాదు. అయితే ఆ అన్యాయం ఆమె చేసింది కాదు, కొనేవాళ్లు చేస్తున్నది. ఆమె తన వంతుగా అప్పు దాచుకోలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పారు, వాళ్ల విద్య మీద పుస్తకం రాశారు, వాళ్లకిచ్చే పురస్కారాన్నే అందుకున్నారు. విశ్వకర్మను వెతుక్కుంటూ తిరిగాను అన్న అర్థం వచ్చేలా తర్వాత ఇంకో పుస్తకానికి పేరు పెట్టుకున్నారు.

కొలిమి ఒక్కటే కాదు. నల్‌గోర్‌హాట్ అనే పల్లెలో పిల్లలతో, ఆడవాళ్లతో కాంథా కుట్టుపని చేయించారు. పాత చీరల పొరల మీద ఆ పిల్లలు తమకు తోచిన బొమ్మలు తామే గీసుకుని, తామే కుట్టారు. చేప, చెట్టు, ఇల్లు, ఆవు. డిజైను ఇచ్చి కుట్టించుకుంటే తొందరగా అయ్యేది, అమ్ముకోవడమూ తేలిక. మీరా ఆ పని చేయలేదు. పిల్లలకు కథల పుస్తకాలు కూడా రాశారు, బొమ్మలు తనే వేసి. ఇలాంటివి జీవితచరిత్రల చివర ‘ఇతర ఆసక్తులు’ అన్న శీర్షిక కింద పడేస్తారు. సూది పోగుకూ మైనపు పోగుకూ ఆమె చేతిలో పెద్ద తేడా లేదు.

1992లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికి ఆమెకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఆ వయసులో తలపెట్టింది బుద్ధుణ్ణి, అదీ అశోకుడి కంటే పెద్దగా. యుద్ధం చేసినవాడితో మొదలుపెట్టి బుద్ధుడి దగ్గరికి వచ్చారని ఎవరైనా అందంగా రాయొచ్చు. నాకైతే, ఇంకా పెద్దది పోయగలనా అని చూసుకోవాలన్న పనివాడి పంతం అందులో ఎక్కువ కనిపిస్తుంది. 1998 జనవరిలో ఆమె కన్నుమూసేనాటికి ఆ పని పూర్తి కాలేదు. ఆమె దగ్గర పని నేర్చినవాళ్లు తర్వాత దాన్ని నిలబెట్టారు.

మీరు ఈసారి హైదరాబాద్‌లో గోల్కొండ షోరూంకో, ఊళ్లో చేతిపనుల మేళాకో వెళ్తే డోక్రా బొమ్మ ఒకటి చేతిలోకి తీసుకోండి. పోగులు ఎటు నుంచి ఎటు తిరిగాయో వేలితో తడిమి చూడండి. బేరం తర్వాత, ముందు దాన్ని చేసినవాళ్ల పేరు అడగండి. అమ్మేవాళ్లకు తెలియకపోతే కనుక్కుని చెప్పమనండి.